మా వీధి చివర రాత్రిపూట ఆగే కార్లు: పోలీసుల్ని ముందు ఏం అడగాలి?

చివరిఇల్లు · శుక్రవారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

మాది వీధిలో చివరి ఇల్లు. మా తర్వాత ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన ఎప్పుడూ షటర్ దించే ఉండే షాపు, ఆపైన మెయిన్ రోడ్డు. రాత్రి పది దాటాక అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్లు నిలబడతారు. కార్లు వస్తాయి. లైట్లు డిమ్ చేసి, మా బ్లాకు చుట్టూ మూడు నాలుగు రౌండ్లు కొట్టి ఆగుతాయి. అద్దం దిగుతుంది, రెండు నిమిషాలు బేరం, డోరు పడుతుంది, కారు పోతుంది. ఆ చప్పుళ్ల వరస నాకు నిద్రలో కూడా తెలిసిపోతోంది.

ఇన్నాళ్లూ మనకెందుకులే అనుకున్నాను. పోయిన వారం మా అమ్మాయి డ్యూటీ దిగి వస్తుంటే ఒకడు పక్కన కారాపి "ఎంత?" అన్నాడు. పిల్ల ఇంట్లోకొచ్చి భుజానికున్న బ్యాగు కూడా తియ్యకుండా సోఫాలో అలాగే కూర్చుండిపోయింది.

మా అసోసియేషన్ వాళ్లు పిటిషన్ రాశారు. "వ్యభిచారం చేసే స్త్రీలను ఈ ప్రాంతం నుంచి పూర్తిగా ఏరివేయాలి" అని ఉంది. సంతకం పెట్టమన్నారు, ఇంకా పెట్టలేదు. ఎందుకంటే రెండు నెలల క్రితం ఇలాగే ఫోన్ చేస్తే వ్యాన్ వచ్చి ముగ్గురిని ఎక్కించుకుపోయింది. మర్నాడు సాయంత్రానికి ఆ ముగ్గురూ మళ్లీ అక్కడే ఉన్నారు. అదే వారంలో ఎదురింటి వాళ్లకి దొంగతనం జరిగితే, చూడటానికి పోలీసులు రావడానికి రెండు రోజులు పట్టింది. ఇంతకీ మేం ఏం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.


గట్టిగా_చెప్తా · శుక్రవారం రాత్రి 11:41

ఇందులో అడగడానికేముంది? సంతకం పెట్టండి. మీ అమ్మాయికి జరిగింది రేపు ఇంకో అమ్మాయికి జరుగుతుంది. మనం ఇల్లు కొనుక్కున్నది ఇలాంటివి చూడటానికా? వ్యాన్ ఒక్క రోజు వస్తే చాలదు, వారం రోజులు వరసగా రావాలి. అప్పుడు వాళ్లే సర్దుకుంటారు.

పగిలిన అద్దం బాగు చెయ్యకపోతే ఇల్లంతా పగలగొడతారని ఒక సిద్ధాంతం ఉంది. 1982లో విల్సన్, కెల్లింగ్ అనే ఇద్దరు రాశారు. చిన్న తప్పుల్ని వదిలేస్తే పెద్దవి వస్తాయి. అంతే.


మాజీఖాకీ · శనివారం ఉదయం 6:05

ముప్పై ఏళ్లు యూనిఫాం వేసుకున్నవాణ్ణి. లోపల ఎలా నడుస్తుందో చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

ఏ కేసు ముందు చూడాలన్నది స్టేషన్‌లో ఎవరో కూర్చుని న్యాయంగా తూకం వేసి నిర్ణయించరు. ఎవరు గట్టిగా అరిచారు, పైనుంచి ఎవరు ఫోన్ చేశారు, నెలాఖరుకి ఎన్ని కేసులు చూపించాలి, ఈ మూడింటిమీదే సగం పని నడుస్తుంది. రోడ్డు మీద నిలబడ్డ ఆడవాళ్లని ఎత్తుకురావడం అన్నిటికన్నా సులువు. పరిగెత్తరు, ఎదురు తిరగరు, లాయరు రాడు. ముగ్గుర్ని తెస్తే మూడు పెట్టీ కేసులు. రిజిస్టర్ నిండుతుంది, కాలనీవాళ్లు దండం పెడతారు, అసోసియేషన్ వాళ్లు శాలువా కూడా కప్పుతారు. నాకూ ఒకసారి కప్పారు. ఇంకా బీరువాలో ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. రాత్రి షిఫ్టులో స్టేషన్‌కి ఉండేది ఒకటో రెండో బండ్లు. వ్యాన్ పంపామంటే ఒక బండి, మహిళా సిబ్బంది, ఆ తర్వాత పేపర్ వర్క్‌కి ఒక రైటర్, తెల్లారి కోర్టుకి ఇద్దరు. మీ ఎదురింట్లో దొంగ పడినప్పుడు రెండు రోజులు ఎవరూ రాలేదన్నారే, ఆ మనుషులు ఎక్కడికి పోయారనుకున్నారు?

దొంగతనం కేసు పట్టాలంటే నెల రోజులు తిరగాలి, అయినా దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. ఇది ఒక్క రాత్రి పని. అందుకే ఏ కొత్త అధికారి వచ్చినా మొదట దీంతోనే మొదలుపెడతాడు.


గట్టిగా_చెప్తా · శనివారం ఉదయం 8:12

అంటే సిబ్బంది లేరు కాబట్టి మేం నోరు మూసుకోవాలంటారు. బాగుంది సర్.


మాజీఖాకీ · శనివారం ఉదయం 8:30

నోరు మూసుకోమని ఎక్కడన్నాను? అడిగేది సరిగ్గా అడగమంటున్నాను. ఊరికే గస్తీ పెంచమన్నా లాభం లేదు. అమెరికాలోని కాన్సాస్ సిటీలో 1972, 73 లలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని బీట్లలో గస్తీ బండ్లు రెట్టింపుకి పైగా పెంచారు, కొన్నిట్లో గస్తీ తీసేసి పిలిస్తేనే వెళ్లారు, కొన్నిట్లో మామూలుగా వదిలేశారు. ఏడాది తర్వాత చూస్తే నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. జనానికి కూడా ఏ బీట్‌లో గస్తీ తగ్గిందో తెలియలేదు. మీ వీధిలో ఖాకీ బండి సైరన్ వేసుకుని పోతే మీకు ధైర్యం వస్తుందేమో గానీ, అది వెళ్లిన అయిదు నిమిషాలకి కార్లు మళ్లీ తిరుగుతాయి.


నల్లకోటు · శనివారం ఉదయం 10:47

ఒక చిన్న సవరణతో మొదలుపెడతాను. పిటిషన్‌లో "వ్యభిచారం చేసే స్త్రీలను ఏరివేయాలి" అని రాస్తే పోలీసులకి మీరు ఏ నేరమూ చెప్పనట్టే.

చట్టం దేశానికొక రకంగా ఉంటుంది. స్వీడన్ 1999 నుంచి అమ్మేవాళ్లని వదిలి కొనేవాళ్లని శిక్షిస్తోంది. నార్వే, ఫ్రాన్స్, ఐర్లాండ్ తర్వాత ఆ దారిలోనే నడిచాయి. న్యూజిలాండ్ 2003లో దీన్ని నేరాల జాబితాలోంచే తీసేసి మామూలు పనిలా నియమాలు పెట్టింది. చాలా చోట్ల ఇద్దరూ నేరస్థులే.

ఇండియా సంగతి చాలామంది తప్పుగా అనుకుంటారు. 1956 నాటి చట్టం, 1986 సవరణతో అనైతిక వ్యాపార నిరోధక చట్టం అయింది. అందులో పద్దెనిమిది నిండిన స్త్రీ తన ఇష్టంతో డబ్బుకి ఒకరితో గడపడం తనంతట తాను నేరం కాదు. వ్యభిచార గృహం నడపడం నేరం. బ్రోకరుగా తిరగడం, ఆమె సంపాదన మీద బతకడం, మోసం చేసి దించడం, బంధించి ఉంచడం నేరాలు. అయితే రోడ్డు దగ్గరకొచ్చేసరికి మారుతుంది. 8వ సెక్షన్ కింద బహిరంగంగా పిలవడం నేరం. మీ వీధి చివర పట్టుకెళ్లేది చాలావరకూ దాని కిందే. బడి, గుడి, ఆస్పత్రి లాంటి చోట్లకి 200 మీటర్లలోపు జరిగితే 7వ సెక్షన్. ఇందులో ఆమెతోపాటు ఆ మగవాడు కూడా శిక్షార్హుడే. ఈ ముక్క ఎందుకో ఏ వార్తలోనూ కనిపించదు. "వ్యభిచార ముఠా గుట్టు రట్టు" అని హెడ్డింగ్ పెట్టి, కింద చున్నీ కప్పుకున్న ఆడవాళ్ల ఫోటో వేస్తారు. "విటులు" అనే మాట ఒక్క లైన్లో వచ్చి పోతుంది.

ఆ ఫోటోల గురించి కూడా చెప్పాలి. 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో కొన్ని ఆదేశాలిచ్చింది. రైడ్లలో దొరికిన సెక్స్ వర్కర్ల వివరాలు, ఫోటోలు మీడియా బయటపెట్టకూడదు. వాళ్ల మీద లైంగిక దాడి జరిగితే మిగతా ఏ బాధితురాలికి ఇచ్చినట్టే వైద్యం, సాయం అందాలి. కండోమ్ దగ్గరుండటాన్ని నేరానికి సాక్ష్యంగా చూడకూడదు. ఈ కేసు అసలు మొదలైంది 1999లో కోల్‌కతాలో ఒక సెక్స్ వర్కర్ హత్యతో.


రాత్రిడ్యూటీ · శనివారం మధ్యాహ్నం 3:15

నేను నర్సుని. ఎమర్జెన్సీలో రాత్రి షిఫ్టులే ఎక్కువ.

పోయినేడాది తెల్లవారుజామున ఒకావిడ వచ్చింది. కుడి చేతి మణికట్టు విరిగింది, దవడ వాచిపోయింది. ఎలా జరిగిందంటే "మెట్ల మీద పడ్డాను" అంది. మెట్ల మీద పడినవాళ్లకి మెడ మీద వేళ్ల గుర్తులు ఉండవు. కట్టు కడుతుంటే నెమ్మదిగా చెప్పింది. కారులో ఎక్కాక వాడు దారి మార్చాడట. బండి నంబరులో చివరి నాలుగు అంకెలు ఆమెకి గుర్తున్నాయి. పోలీసుల్ని పిలుస్తానన్నాను. ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుంది. "అమ్మా, వాడి సంగతి అడిగేలోపు నేను అక్కడెందుకున్నానని అడుగుతారు" అంది.

ఆ నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసుకున్నాను. ఏం చెయ్యాలో తెలీలేదు. ఇప్పటికీ నా డ్యూటీ డైరీలో ఉంది ఆ కాగితం.

ఏరివేయండి అనేవాళ్లకి ఒక్కటే అడుగుతున్నాను. వాడు ఆవిడ దగ్గరే ఆగిపోతాడని మీకెవరు చెప్పారు?


నల్లకోటు · శనివారం మధ్యాహ్నం 3:52

మీరు చెప్పింది చదివాక కెనడాలో జరిగినది గుర్తొచ్చింది. వాంకోవర్ దగ్గర పిక్టన్ అనే పందుల ఫారం యజమాని. 1997లో అతని చేతిలో కత్తిపోట్లు తిని ఒక స్త్రీ తప్పించుకుంది. హత్యాయత్నం కేసు పెట్టారు. ఆమె డ్రగ్స్ అలవాటున్న మనిషి, కోర్టులో ఆమె సాక్ష్యం నిలబడదని 1998లో ఆ కేసు ఆపేశారు. అతన్ని మళ్లీ పట్టుకున్నది 2002లో. 2007లో ఆరుగురు స్త్రీల హత్యలకి శిక్ష పడింది. ఆ ప్రాంతంలో స్త్రీలు కనిపించకుండా పోతుంటే పోలీసులు ఎందుకు పట్టించుకోలేదో తేల్చడానికి వేసిన విచారణ కమిషన్ 2012లో రిపోర్టు ఇచ్చింది. పోలీసుల దర్యాప్తు ఘోరంగా విఫలమైందని రాసింది.

1998కీ 2002కీ మధ్య ఆ నాలుగేళ్లు చూడండి.


లెక్కలపిచ్చి · శనివారం సాయంత్రం 5:20

నేను ఊరికే పేపర్లు చదివే రకం. రెండు పక్షాలకీ నచ్చనివి చెప్తాను.

"ఇక్కడ తరిమితే పక్క వీధికి పోతారు" అని అందరూ అంటారు. ప్రతిసారీ అలాగే జరగదు. అమెరికాలోని జెర్సీ సిటీలో వైస్‌బర్డ్ అనే పరిశోధకుడి బృందం ఒక వ్యభిచార అడ్డానీ ఒక డ్రగ్స్ అడ్డానీ ఎంచుకుని, పోలీసులు అక్కడ గట్టిగా దిగినప్పుడు చుట్టుపక్కల ఏమవుతుందో చూసింది. 2006లో అచ్చయింది. పక్క వీధులకి పోలేదు సరికదా, అక్కడ కూడా కాస్త తగ్గింది. గట్టిగా_చెప్తా గారు పండగ చేసుకోవచ్చు. కాకపోతే చోటు మారకపోయినా పద్ధతి మార్చుకున్నవాళ్లు ఉన్నారని కూడా అందులోనే ఉంది.

ఇక రెండో వైపు. నెదర్లాండ్స్‌లో కొన్ని నగరాలు రాత్రి కొన్ని గంటలు ఒక రోడ్డుని ఇందుకోసం వదిలేశాయి. పోలీసు, వైద్య సిబ్బంది దగ్గర్లో ఉంటారు. 25 నగరాల రికార్డులు పోల్చి 2017లో ఒక పరిశోధన వచ్చింది. అలాంటి చోటు తెరిచిన నగరాల్లో మొదటి రెండేళ్లలో నమోదైన అత్యాచారాలు, లైంగిక దాడులు 30 నుంచి 40 శాతం తగ్గాయి.

2018లో ఇంకొకటి. పలు దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పోలీసుల అరెస్టులు, దాడులు, వేధింపులు ఎదుర్కొన్న సెక్స్ వర్కర్లు హింసకి గురయ్యే అవకాశం మిగతావాళ్లకంటే మూడు రెట్లు ఉంది. రాత్రిడ్యూటీ గారి పేషెంట్ చెప్పిందే, అంకెల్లో.


గట్టిగా_చెప్తా · శనివారం రాత్రి 9:05

మీ డచ్ లెక్కలు మీ దగ్గర ఉంచుకోండి. పొద్దున మా అమ్మ గేటు ముందు ఊడ్వడానికి వెళ్తే ఏం దొరుకుతాయో మీకు తెలుసా? డెబ్భై ఏళ్ల మనిషి. చీపురు అక్కడే పడేసి లోపలికి వచ్చేసింది. నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు, నేనే వెళ్లి కవర్‌తో తీసి పారేశాను. ఇది ఏ పరిశోధనలో రాస్తారు?

ఇంగ్లాండులో లీడ్స్ నగరంలో హోల్‌బెక్ అనే చోట మీరన్నట్టే 2014లో ఒక జోన్ పెట్టారు. రాత్రి టైమింగ్స్ పెట్టి, ఆ గంటల్లో అరెస్టులు చెయ్యబోమన్నారు. ఏమైంది? అక్కడి జనం ఏళ్ల తరబడి గొడవ చేస్తే 2021లో మూసేశారు. 2015 డిసెంబరులో ఆ జోన్‌లోనే ఒకామె హత్య కూడా జరిగింది. గూగుల్ చేసే నేనూ రాస్తున్నాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్ల జోన్ 2003లోనే మూసేశారు, అది కూడా చెప్పండి మరి.


లెక్కలపిచ్చి · శనివారం రాత్రి 9:18

నిజమే, చెప్పాల్సింది. ఆమ్‌స్టర్‌డామ్ జోన్ చాలా పెద్దదైపోయింది, బ్రోకర్లు చేరారు. జోన్ పెడితే అంతా బాగుంటుందని నేను అనను. మీ అమ్మగారి విషయంలో మీ కోపం అర్థమైంది.


సాయంత్రంబడి · శనివారం రాత్రి 10:33

నేను పిల్లలతో పనిచేస్తాను. అందరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. ఆ నలుగురైదుగురిలో పద్దెనిమిది నిండనివాళ్లు ఉన్నారా? వాళ్లని దించి, దూరంగా బైక్ మీద కూర్చుని చూసే మగవాడు ఉన్నాడా? ఉంటే ఇక ఇష్టం, చట్టం, జోన్ అన్న చర్చే లేదు. 2000లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఒప్పందం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లల విషయంలో "ఆమే ఒప్పుకుంది" అన్న మాటకి విలువే లేదు. అక్కడ రైడ్ చెయ్యాల్సిందే. ఆలస్యం లేకుండా, సరైన మనుషులతో.

నాకు చిరాకు ఎక్కడంటే, అందర్నీ ఒకే వ్యాన్‌లో ఎక్కిస్తారు. ముప్పై అయిదేళ్ల ఆమెనీ పదహారేళ్ల పిల్లనీ ఒకే బెంచీ మీద కూర్చోబెడతారు. ఆ పిల్ల నోరు విప్పదు, ఎందుకంటే స్టేషన్‌కి జామీను ఇవ్వడానికి వచ్చేది ఆ బైక్ వాడే. వాడి పేరు ఎక్కడా ఎక్కదు. "రెస్క్యూ" చేశామని రాసుకుంటారు.


బ్లాక్3 · శనివారం రాత్రి 11:02

[పోస్ట్ తొలగించబడింది]


మాడరేటర్ · శనివారం రాత్రి 11:09

పై పోస్ట్‌లో రోడ్డు మీద నిలబడ్డ ఒక స్త్రీ ఫోటో, ఆ వీధి లొకేషన్ పెట్టారు. తీసేశాం. ఎవరి ఫోటోలూ వద్దు, బండి నంబర్లు కూడా ఇక్కడ వద్దు. నంబర్లుంటే పోలీసులకి ఇవ్వండి. ఇంకోసారి పెడితే ఐడీ పోతుంది. చర్చ మాత్రం కొనసాగించండి.


పేరువద్దు · ఆదివారం తెల్లవారుజామున 2:48

ఈ ఫోరమ్‌లో వంటలు, మొక్కల పేజీలు చదవడానికి వస్తాను. ఇది కంటపడింది. కొత్త ఐడీతో రాస్తున్నాను.

ఏడేళ్లు నేను కూడా అలా రోడ్డు మీద నిలబడ్డదాన్నే. మీ ఊళ్లో కాదు. ఇప్పుడు మానేశాను. ఎందుకు దిగాను, ఎందుకు మానేశాను అన్నవి అడగొద్దు.

చివరిఇల్లు గారూ, మీ అమ్మాయి దగ్గర కారాపినవాడి మీద నాకూ మీ అంత కోపం వచ్చింది. మేం నిలబడే చోట అలాంటివాణ్ణి మేమే తిట్టి పంపేవాళ్లం. గిరాకీ కోసం కాదు. ఇళ్లవాళ్ల పిల్లల జోలికి పోతే మర్నాడు వ్యాన్ వచ్చేది మా కోసమే కాబట్టి.

మీ పోస్ట్‌లో లైటు గురించి రాయలేదు. మీరు "లైట్లు డిమ్ చేసి" అన్నారంటే అక్కడ వీధిలైటు వెలగట్లేదని అనుకుంటున్నాను. అది మేమే పగలగొడతామని అందరూ అంటారు. చీకటి మాకెందుకండీ? లైటుంటే కారులోవాడి మొహం కనిపిస్తుంది. తాగాడా, వెనక సీట్లో ఇంకొకడు పడుకుని ఉన్నాడా, డోరుకి లోపల హ్యాండిల్ ఉందా, ఇవన్నీ అద్దం దిగిన ఆ రెండు నిమిషాల్లోనే చూసుకోవాలి. మీరు బేరం అనుకున్నది సగం అదే.

వ్యాన్ తిరిగే వారంలో ఆ రెండు నిమిషాలు ఉండవు. కనిపించగానే ఎక్కెయ్యాలి. నా చేతి మీదున్న మచ్చ అలాంటి వారంలో వచ్చిందే.


నల్లకోటు · ఆదివారం ఉదయం 9:10

పేరువద్దు గారూ, రాసినందుకు ధన్యవాదాలు. మీరు చెప్పిన ఆ రెండు నిమిషాల మీద 2013లో కెనడా సుప్రీంకోర్టు బెడ్‌ఫర్డ్ కేసులో తీర్పే ఇచ్చింది. రోడ్డు మీద మాట్లాడుకోవడాన్ని నేరం చేసిన సెక్షన్ వల్ల ఆ స్త్రీలు ఎదుటివాణ్ణి అంచనా వేసుకునే వీలు పోతోందని, అది వాళ్ల వ్యక్తిగత భద్రత హక్కుకి విరుద్ధమని కొట్టేసింది. మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం కొనేవాణ్ణి శిక్షించే కొత్త చట్టం తెచ్చింది, అది వేరే కథ.


చివరిఇల్లు · ఆదివారం ఉదయం 11:30

రాత్రి మూడు గంటలకి ఆ పోస్ట్ చూసి మళ్లీ నిద్ర పట్టలేదు.

అవునండీ, ట్రాన్స్‌ఫార్మర్ పక్క లైటు ఆరు వారాలుగా లేదు. నేను రాయడం మర్చిపోయాను, అంత అలవాటైపోయింది. ఎవరూ కంప్లైంట్ పెట్టలేదు. లైటు పెడితే "వాళ్లకి ఇంకా సౌకర్యం" అని మా మీటింగ్‌లో ఒకాయన అన్నారు, అందరూ తలూపారు. నేనూ ఊపాను.

మాజీఖాకీ గారూ, సరిగ్గా అడగమన్నారు. ఎలా రాయాలో చెప్తారా?


మాజీఖాకీ · ఆదివారం మధ్యాహ్నం 1:40

తప్పకుండా. మొదటి మాట: మనుషుల గురించి రాయకండి, జరిగిన పని గురించి రాయండి. "అసాంఘిక కార్యకలాపాలు" అని రాసిన కాగితం ఫైల్లోకి పోతుంది. ఫలానా తేదీ, రాత్రి 10:40, తెల్ల కారు, ఈ నంబరు, డ్యూటీ నుంచి వస్తున్న అమ్మాయిని ఆపి ఇలా అన్నాడు, ఇలా రాస్తే అది కేసు. అది వేధింపు. వ్యభిచారం అన్న మాటే అక్కర్లేదు. మీ అమ్మాయి ఒప్పుకుంటే ఆమె వాంగ్మూలమే చాలు, ఒప్పుకోకపోతే బలవంతపెట్టకండి.

రెండోది కార్లు. రెండు వారాలు మీ కిటికీలోంచి రాసుకోండి. ఒకే నంబరు ఎన్నిసార్లు వచ్చింది, ఏ రోజు, ఏ టైము. ఆడవాళ్లు మారతారు, పట్టుకుపోతే వేరేవాళ్లు వస్తారు. కార్లు మాత్రం అవే ఉంటాయి. ఇల్లు, పెళ్లాం, ఉద్యోగం ఉన్నవాడు ఒక్కసారి బండి ఆపించుకుని పేరు చెప్పాల్సి వస్తే మళ్లీ ఆ వీధి వైపు చూడడు. నా సర్వీసులో పనిచేసిన మందు ఇది.

మూడోది రోడ్డు. మీ బ్లాకు చుట్టూ రౌండ్లు కొట్టడానికి దారి ఉండబట్టే కొడుతున్నారు. లండన్‌లో ఫిన్స్‌బరీ పార్క్ దగ్గర 1980ల్లో ఇదే గోల ఉంటే, పోలీసులు దృష్టి పెట్టడంతోపాటు కొన్ని వీధుల్ని ఒక పక్క మూసేశారు. రౌండ్లు ఆగాయి. మీకు ట్రాఫిక్ వాళ్లు వన్‌వే చేసినా చాలు. ఇది స్టేషన్ పని కాదు, ట్రాఫిక్‌కీ మున్సిపాలిటీకీ విడిగా రాయండి.

నాలుగు, దొంగతనం. అది వేరే కాగితం మీద, వేరే రోజు. రెండూ కలిపిస్తే సులువైనదే చేస్తారు. ఏది సులువో మొదటే చెప్పాను.

సాయంత్రంబడి గారు చెప్పింది కూడా పెట్టాలి. మైనర్ ఉందన్న అనుమానం గానీ, దూరం నుంచి చూసేవాడు గానీ ఉంటే, స్టేషన్‌కి కాదు, పై అధికారికి నేరుగా, రాతపూర్వకంగా. స్టేషన్‌లో అలాంటివాడికి చుట్టాలుంటారు. ఇంతకంటే వివరంగా చెప్పను.


గట్టిగా_చెప్తా · ఆదివారం సాయంత్రం 6:15

లైటు వెయ్యండి, ఒప్పుకుంటాను. కార్లని ఆపండి, రెండు చేతులా ఒప్పుకుంటాను. పేరువద్దు గారు రాసింది చదివాను, ఏమీ అనను. కానీ వాళ్లు ఇక్కడే ఉంటారు, మీరు సర్దుకోండి అంటే మాత్రం కుదరదు. మా గేటు ముందు శుభ్రంగా ఉండాలని అడగడం తప్పు కాదు.


పేరువద్దు · ఆదివారం రాత్రి 11:50

తప్పు కాదండీ. అక్కడ ఒక చెత్త డబ్బా పెట్టించండి. నవ్వులాట కాదు, నిజంగానే. మేం నిలబడిన చోట ఒక పెద్దాయన ఇంటి బయట పాత బకెట్ పెట్టాడు. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఆయన గోడ దగ్గర ఏమీ పడలేదు.


చివరిఇల్లు · మూడు వారాల తర్వాత, సోమవారం రాత్రి 10:15

చాలామంది మెసేజ్‌లు పెట్టారు కాబట్టి ఏమైందో రాస్తున్నాను.

పిటిషన్ మార్చడానికి రెండు మీటింగులు, ఒక పెద్ద గొడవ. "ఏరివేయాలి" తీసేసి కార్ల గురించి, లైటు గురించి, వన్‌వే గురించి రాశాం. పదకొండు మంది సంతకం పెట్టలేదు, మేం మెత్తబడ్డామని. నోటీసు బోర్డు మీద ఇప్పటికీ పాతదే అతికించి ఉంది.

నేనూ మా ఆయనా వంతులవారీగా నంబర్లు రాశాం. పన్నెండు రాత్రుల్లో ఒక నంబరు ఏడుసార్లు, ఇంకొకటి అయిదుసార్లు. మా అమ్మాయి తనే వస్తానంది. స్టేషన్‌లో అధికారి మొదట "అక్కడ నిలబడేవాళ్లని తీసేస్తాం లెండి" అన్నాడు. వద్దు, ఈ కార్ల సంగతి చూడండి అంటే మమ్మల్ని వింతగా చూశాడు. అయినా కాగితం తీసుకున్నాడు, రసీదు ఇచ్చాడు. ఆ ఏడుసార్ల బండి మూడు రాత్రులుగా కనిపించలేదు. వన్‌వే గురించి జవాబు లేదు. ఎదురింటి దొంగతనం ఎక్కడిదక్కడే ఉంది.

లైటు వచ్చింది. మొదటి రాత్రి నేను కిటికీలోంచి చూస్తుంటే, అక్కడ నిలబడ్డ ఆవిడ కూడా తలెత్తి నన్ను చూసింది. ఇద్దరం చూపు తిప్పుకున్నాం.


రాత్రిడ్యూటీ · సోమవారం రాత్రి 11:04

ఆ రెండు నంబర్లలో ఒకదాని చివరి నాలుగు అంకెలు నాకు పర్సనల్ మెసేజ్‌లో పంపగలరా? ఇక్కడ వద్దు.


చివరిఇల్లు · సోమవారం రాత్రి 11:06

పంపాను.


గట్టిగా_చెప్తా · బుధవారం ఉదయం 7:22

చివరిఇల్లు గారి వీధి, మా వీధి ఒకటేనని నిన్న మీటింగ్‌లో ఆ నంబర్ల కాగితం చూశాకే తెలిసింది. సంతకం పెట్టని పదకొండు మందిలో నేనొకణ్ణి. ఆ లైటు నిన్న రాత్రి మళ్లీ పోయింది. కంప్లైంట్ నేనే పెట్టాను, నంబరు మీకు పంపుతున్నాను. డబ్బా కూడా పెట్టాను, మూత ఉన్నది.


రాత్రిడ్యూటీ · బుధవారం ఉదయం 8:40

అంకెలు కలవలేదు. ఆ కాగితం డైరీలోనే ఉంచుతున్నాను.